క్షామ మండలమున మగ్గము నిలిచిన విధము

మన పూర్వుల వృత్తాంతమును వ్రాయువారు సాధారణముగా పురాణములతో ప్రారంభింతురు. పద్మశాలీలు భావనాఋషిని, దేవాంగులు దేవలమహర్షిని, తొగటవారు చౌడేశ్వరీదేవిని స్మరింతురు. ఆ స్మరణము మనకు పూజ్యమే. అయితే గడచిన నూటయేబది సంవత్సరములలో అనంతపుర మండలమున మగ్గము ఎట్లు నిలిచినది, ఎవరి చేతిలో నిలిచినది, అందులకు ఎవరెంత వెల చెల్లించిరి అను సంగతులు పురాణములలో దొరకవు. వానలు లేని దేశములో, చేత ధనము లేనివారు, ప్రతి తరమునను కరవు చూచుచు, ఒక వ్యాపారమును చావనీయక నడపిరి. అది ఎట్లు సాధ్యమైనదో విచారించుటయే ఈ వ్యాసమునందు మా ఉద్దేశము. ఈ సంచికను చదువువారిలో మగ్గము గుంటలో కూర్చుండువారును గలరు, నూఱు మగ్గములకు పట్టు ఇచ్చువారును గలరు. ఇరువురకును రుచింపని మాటలు కొన్ని ఇందు రావచ్చును.

అనంతపుర మండలమునకు సంవత్సరమున పడు వాన సుమారు 55 సెంటీమీటరులు మాత్రమే. నైరృతి మేఘములను పడమటి కనుమలు ఆపివేయును; ఈశాన్య మేఘములు తూర్పుతీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి వట్టిపోవును. తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ ప్రాంతములలో కొంత నల్లరేగడి కలదు. ధర్మవరము, కల్యాణదుర్గము, హిందూపురము వైపు ఎఱ్ఱనేల. నాలుగు దినములు ఎండ కాచిన తడి నిలువదు. పెన్న, చిత్రావతి నదులు పేరునకు నదులే గాని సంవత్సరములో చాలకాలము ఇసుకతిన్నెలే. ఇట్టిచోట కరవు రైతును పట్టునని అందఱు ఎఱుగుదురు. నేతవానిని రైతుకంటె ముందుగా పట్టునన్నది తక్కువమంది గుర్తించినారు.

దీని కారణము సులభమే. ముతకచీర, పంచె, దుప్పటి నేయు మనవారికి కొనువాడు ఊరిలోని రైతు. వాన తప్పగానే రైతు మొదట మానుకొనునది క్రొత్తబట్ట. పాతచీరకు అతుకు వేసికొని ఒక ఏడు గడపవచ్చును గాని, జొన్నసంకటి లేక ఒక దినము గడవదు. అదే సమయమున జొన్న, కొఱ్ఱ ధరలు రెండింతలు మూడింతలగును. నేతవానికి తన సరకు ధర పడిపోవుటయు, తాను కొనవలసిన తిండిధర పెరుగుటయు ఒక్క నెలలోనే సంభవించును. రైతునకు పాతరలో కొన్ని గింజలైన మిగులును. నేతవానికి పాతర ఎక్కడిది? అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున క్షామము ధాన్యము లేకపోవుటవలన మాత్రమే కాక, ధాన్యమును కొను శక్తి నశించుటవలన కలుగునని నిరూపించి కీర్తి గాంచెను. ఆ సిద్ధాంతమునకు మన వీథులు ఒక శతాబ్దము ముందే సాక్ష్యము చెప్పినవి.

1876వ సంవత్సరమున రెండు ఋతువుల వానలును తప్పినవి. అప్పటికి అనంతపుర జిల్లా ఏర్పడలేదు. ఈ భూమిలో అధికభాగము బళ్ళారి జిల్లాలోనిది, 1882లో గాని వేఱుపడలేదు. ధాతకరవని మన వృద్ధులు చెప్పుకొను 1876-78 క్షామములో, ఆనాటి బళ్ళారి జిల్లా జనసంఖ్య 1871 నుండి 1881 నాటికి సుమారు అయిదవ వంతు తగ్గినది. ఒక సంగతి గమనింపవలసియున్నది. మదరాసునుండి రాయచూరు పోవు రైలుమార్గము 1871 నాటికే తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పూర్తియైయుండెను. ధాన్యపు బస్తాలు రైలులో దిగుచునే యుండెను. వాటిని కొనుటకు మనవారి చేత కాసులు లేకుండెను.

గంజి అను ఒక్క వస్తువును తీసికొన్న ఆనాటి మన స్థితి బోధపడును. నూలు పడుగును వీథిలో చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వనిదే అది మగ్గమున నిలువదు. ఆ గంజి రాగిపిండితోనో, బియ్యముతోనో, జొన్నతోనో కాచవలెను. పిల్లలు ఆకలితో నున్న యింట కుండలోని గంజి పడుగునకు పోయవలెనా, పళ్ళెములో పోయవలెనా? పడుగునకు పోసినచో రేపటి కూలి దొరకునేమో. పళ్ళెములో పోసినచో ఈ పూట గడచును. వ్యాపారములో మూలధనము తినివేయరాదని నేడు గ్రంథములు బోధించుచున్నవి. మూలధనమే ఆహారమైన చోట ఆ బోధ ఎంత కఠినమైనదో ఊహించుకొనుడు.

ప్రభుత్వము పెట్టిన కరవు పనులు రోడ్లపని, రాతికొట్టుడు పని. రిచర్డు టెంపులు దొర 1877 జనవరిలో వచ్చి, పనివానికి రోజుకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు వెలయు, దానిపై కొంచెము కాసులును చాలునని కూలి తగ్గించెను. మదరాసు ఆరోగ్య కమిషనరగు డాక్టరు కార్నిషు దానిని గట్టిగా ఎదిరించిన పిమ్మట కొన్ని నెలలకు కూలి మరల పెరిగినది. మనవారికి మాత్రము కూలి తక్కువగుట ఒక్కటే కష్టము కాదు. సన్ననూలును తాకి తెగిన పోగును చీకటిలోనైన అతుకగల వ్రేళ్ళు రాయి కొట్టిన కొలది కాయలు కాచును. అట్టి చేతికి పట్టుపోగు పలుకదు. అనగా నేతవాడు ప్రాణము దక్కించుకొనుటకు తన పనితనమును అమ్ముకొనవలసి వచ్చినది. 1880 నాటి కరవు కమిషను నివేదిక వెంబడి 1883లో వెలసిన కరవు నియమావళులను బట్టి మదరాసు రాజధానిలో ఒక మంచి సూత్రము అమలునకు వచ్చినది: కరవు కాలమున నేతవారికి వారి వృత్తిలోనే పని చూపవలెను, నూలు ఇచ్చి, నేసిన బట్టను ప్రభుత్వమే కొని నిలువ యుంచి, మంచికాలము వచ్చినప్పుడు అమ్మవలెను. ఈ చిన్న సూత్రమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీని అవసరము కలుగును.

క్షామము పోయిన తరువాత మగ్గముల త్రోవ రెండుగా చీలినది. 1890వ దశకములో ధర్మవరమునకు పాకాల వైపునుండియు, గుంతకల్లు బెంగుళూరుల వైపునుండియు రైలు వచ్చినది. రైలు రెండు పనులు చేసెను. మిల్లుబట్టను ఊరూరికి తెచ్చి ముతక నేతను కొట్టెను. పట్టుచీరను దూరదేశములకు మోసికొనిపోయి సన్ననేతను నిలిపెను. ముతక నేసినవారి ఖాతాదారుడు పొరుగు రైతే. ఆ రైతు చేనులో వాన పడకున్న వీరి మగ్గము ఆగును. పట్టు నేసినవారి ఖాతాదారుడు బెంగుళూరులో, మదరాసులో, మైసూరులో, కృష్ణాతీరములో నుండును. అనంతపురమున వాన లేకున్నను అచ్చట పెండ్లిండ్లు ఆగవు. ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటికే ధర్మవరము పట్టుచీరలకు పేరుగాంచినది. వెడల్పైన జరీ అంచు, నిండైన కొంగు, ఎండలో ఒక వన్నె నీడలో ఒక వన్నె తోచు రెండురంగుల నేత, ఇవి దాని గుర్తులు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద అచ్యుతరాయలనాటి చిత్రములలో స్త్రీలు ధరించిన చీరెల అంచులే తమ నమూనాలని ధర్మవరము పనివారు చెప్పుకొందురు. చెప్పుకొనుటకు హక్కు కలదు. ఆ చిత్రములను చూచినవారికి ఇందులో అతిశయోక్తి తోచదు.

మా అభిప్రాయములో ధర్మవరము నిలిచిన రహస్యము ఇదియే. నీరు లేని దేశమున వ్యాపారము చేయువాడు, నీటిమీద ఆధారపడిన కొనుగోలుదారుని మీద తన యిల్లు నిలుపరాదు. దీనిని ఆనాటివారు ఏ గ్రంథములోను చదివియుండలేదు. ఆకలి నేర్పినది. ఉరవకొండ, యాడికి, తాడిపత్రి మొదలగు చోట్ల మగ్గములలో సన్నరకములకు తిరిగినవి కొంతకాలము నిలిచినవి. మార్పు చెందలేనివి తగ్గుచు వచ్చినవి. రాయదుర్గమున కాలక్రమమున మగ్గము వెనుకబడి కుట్టుమిషను వచ్చి, నేడు ఆ యూరు జీన్సు ప్యాంట్లకు ప్రసిద్ధి చెందినది. దానిని కొందఱు పతనమందురు. మే మట్లనము, బట్టతో బ్రదుకు చేతులు బట్టను విడువలేదు.

ఇక ధనము లేని యింట వ్యాపారము నడచిన తీరు చూతము. నేతపనికి ఒక సౌకర్యము కలదు: పని ఒక్కనిది కాదు. కండెలు చుట్టుట, ఆసుపోయుట మొదలు అచ్చు అతుకుటవరకు ఇల్లాలు, ముసలివారు, పిల్లలు అందఱు చేయి వేయుదురు. ఈ శ్రమకు ఎవరును కూలి లెక్కింపలేదు. లెక్కించియుండిన మన వ్యాపారములో లాభము ఏనాడును కనబడియుండదు. ఈ మాట గర్వముతో చెప్పుకొనదగినది కాదు. మన స్త్రీల వ్రేళ్ళు అప్పులేని మూలధనముగా నిలిచి ఇంటిని మోసినవని చెప్పుటకే వ్రాయుచున్నాము. పడుగు చాచునప్పుడు వీథివీథి వచ్చి సాయపడును; ఆ సాయమును మఱునాడు వీరు తీర్తురు. కాసు మారక పని మారును. గుంటమగ్గమును విడువకపోవుటయు మూఢత్వము కాదు. ఈ పొడిగాలిలో పోగు పుటపుట తెగును. గుంటలోని నేలతడి దానిని కొంత కాపాడును. పాతపడుగు కొసలను కోయక మగ్గముననే యుంచి, క్రొత్తపడుగు దొరకిన దినమున పోగునకు పోగు అతుకుదురు. అట్లు అతుకని మగ్గమును మరల సిద్ధము చేయుటకు దినములు పట్టును. కావున మగ్గముమీద కొసపోగులు మిగిలియున్నంతవఱకు ఆ యిల్లు వ్యాపారము మూసినట్లు కాదని మనవారి లెక్క. ఇత్తడి బిందెలు అమ్ముదురు, ఆలి మెడలోని బంగారము కుదువపెట్టుదురు; అచ్చును, నాడెను, మగ్గపుకొయ్యలను కడపటివరకు అమ్మరు.

పట్టు అప్పు లేనిదే రాదు. ఇచ్చటనే మన చరిత్రలోని చిక్కు మొదలగుచున్నది. ముతకనూలు కొనుటకు చిన్న మొత్తము చాలును. పట్టునకు, సూరతు జరీకి, రంగులకు పెద్ద మొత్తము కావలెను. నేసిన చీర అమ్ముడుపోవువఱకు ఆ మొత్తము నిద్రపోవును. అంత ధనము నేతవానియొద్ద లేదు. ఉన్నవాడు సావుకారు. అందువలన అనావృష్టినుండి తప్పించుకొనుటకై పట్టును ఆశ్రయించిన నేతవాడు, పట్టుకొఱకు సావుకారును ఆశ్రయించెను. వానదేవుని పారతంత్ర్యము పోయి ఖాతాపుస్తకపు పారతంత్ర్యము వచ్చినది. పి. జె. థామసు అధ్యక్షతన 1942లో నివేదిక సమర్పించిన చేనేత విచారణ సంఘమువారు స్వతంత్ర నేతగాడు, సావుకారుకు కూలికి నేయువాడు, కార్ఖానాలో పనిచేయువాడు అని దేశమంతట కనుగొన్న విభాగములలో ధర్మవరము నేటికిని ప్రధానముగా రెండవదానికి చెందును. 1930లో ఎన్. జి. రంగాగారు చేనేత ఆర్థికశాస్త్రముపై ప్రకటించిన గ్రంథమును చూచినవారికి, ఈ బంధము ఒక్క ఊరిది కాదని తెలియును.

సావుకార్లను నిందించుట సులభము. వారును ఒక భారము మోసిరి. ఆషాఢమున, మూఢములలో పెండ్లిండ్లు లేవు, చీరలు అమ్ముడుపోవు. ఆ నెలలలో నేసిన సరకును తమ యింట పేర్చుకొని, మగ్గమునకు పడుగు ఇచ్చుచు పోయినవాడు తన ధనమును అపాయమున పెట్టుచున్నాడు. పట్టుధర ఒక్కసారిగా పడినచో, ఎక్కువ ధరకు కొన్న పట్టుతో నేసిన చీరలు అతని నెత్తిమీదనే మిగులును. 1930వ దశకములో జపాను, చైనా పట్టు చౌకగా దిగినప్పుడు ఇట్లే జరిగి, మైసూరు పట్టుపరిశ్రమ తల్లడిల్లెను. 1934లో రక్షణసుంకము వేయవలసివచ్చెను. యుద్ధకాలమున జపాను పట్టు రాక ఆగి, పారాషూటుల కొఱకు మైసూరు పట్టు తరలిపోయి, ధరలు ఆకాశమున కెగసినవి. ఒకే దశాబ్దములో రెండు వైపుల దెబ్బ.

అయినను అన్ని యిండ్లును ఒక్క రీతిగా ప్రవర్తింపలేదు. సరకు అమ్ముడుపోని నెలలలో యజమానికి మూడు త్రోవలు కలవు. కొన్ని మగ్గములను దించివేయుట ఒకటి. అన్ని మగ్గములను ఉంచి కూలి తగ్గించుట ఒకటి. కూలి తగ్గింపక పని తగ్గించి, నెలకు రెండు పడుగులు పోవుచోట ఒకటి ఇచ్చి, అందఱకును కొంచెము కొంచెము పంచుట ఒకటి. మొదటిది లెక్కలలో మేలుగా తోచును. కాని దించిన మగ్గపువాడు బెంగుళూరునకు పోయి మరమగ్గపు కార్ఖానాలో చేరును. మాఘమాసమున గిరాకి వచ్చినప్పుడు అతడు తిరిగిరాడు. రెండవది నేతవానిని అప్పులో ముంచి, సరకును చెడగొట్టును. తక్కువ కూలికి నేసినవాడు పోగులు తప్పించుట మానవసహజము. మూడవదానిలో యజమాని లాభము ఆ సంవత్సరమునకు చాల తగ్గును. చేతులు మాత్రము చెదరవు. కరవు నియమావళిలోని సూత్రము ఇదియే గదా! నూలు ఇమ్ము, బట్ట కొని నిలువ యుంచుము, కాలము మారనిమ్ము. దొరలు పెద్ద క్షామములో లక్షల ప్రాణములు పోయిన పిదప నేర్చిన పాఠమును మన సావుకార్లలో బుద్ధిమంతులు ప్రతి ఆషాఢమునను ఆచరించిరి. ఆచరింపనివారును గలరని చెప్పక తప్పదు. బాకీ తీరువరకు మఱియొకరికి నేయరాదను నియమముతో తండ్రి అప్పును కొడుకు మగ్గమునకు కట్టినవారు మన కులములోనివారే. మన సభకు చందాలిచ్చు చేతులు కొన్ని ఆ పుస్తకములను వ్రాసిన చేతులే యని చెప్పినచో పోషకులు నొచ్చుకొనరని నమ్ముచున్నాము.

ఈ బంధమునుండి వెలువడుటకు సహకారసంఘము మార్గమని చాలకాలముగా అందఱు చెప్పుచున్నారు. ఇంగ్లండులోని రాచిడేలు పట్టణమున 1844వ సంవత్సరమున ఇరువదియెనమండ్రు కలిసి, తలకొక పౌను చొప్పున ఇరువదియెనిమిది పౌన్లు కూర్చి, ఒక అంగడి తెఱచిరి. వారిలో పలువురు ఫ్లానెలు నేయువారు, ఆకలితో బాధపడుచున్నవారు. వారి అంగడిలో మొదట నున్నవి పిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి. వారి నియమములలో మనకు ముఖ్యముగా తోచునది ఒకటి: అరువు లేదు, సభ్యుడైనను రొక్కము పెట్టి కొనవలెను. అరువే తమ్ము బానిసలుగా చేసినదని వా రెఱుగుదురు. మదరాసు రాజధానిలో ఫ్రెడరికు నికల్సను దొర 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలలో జర్మనీదేశపు రైఫైజెను పద్ధతిని కొనియాడెను. 1904లో సహకార పరపతి చట్టము వచ్చినది. 1905లో కాంచీపురమున నేతవారి సంఘము వెలసినది. 1935లో మదరాసు రాష్ట్ర చేనేత సహకారసంఘము, 1976లో ఆంధ్రప్రదేశమున ఆప్కో ఏర్పడినవి.

ఫలితమో? చట్టములు వచ్చినంత వేగముగా రాలేదు. 1943లో నూలు నియంత్రణ వచ్చినప్పుడు నూలు పంచుటకు సంఘములు కావలసివచ్చెను. అప్పుడు పుస్తకములలో మగ్గములు పెరిగినవి, వీథులలో పెరుగలేదు. నూలు కొఱకు పుట్టిన సంఘము నూలుతోనే పోవును. ఈ విషయమున ప్రగడ కోటయ్యగారు (1915-1995) జీవితమంతయు శ్రమించి, చేనేతవారి గొంతుకను శాసనసభలవఱకు, పార్లమెంటువఱకు వినిపించిరి. అయినను పట్టునేతలో సహకారము నూలునేతలోవలె నాటుకొనలేదు. ఒక్కొక్క పడుగునకు పట్టు పెట్టుబడి పెద్దది. సంఘము చీరలు అమ్ముడుపోక నిలిచినచో ప్రభుత్వపు బాకీ వచ్చువఱకు సభ్యునికి కూలి ఆగును. ఆగినంతనే సావుకారు తలుపు తెఱచియుండును. రాచిడేలువారు ఏ అరువును వెడలగొట్టిరో, మన సంఘములు ఆ అరువుమీదనే నిలిచియుండెను.

1952లో సీమజిల్లాలను మరల క్షామము పట్టినది. గంజికేంద్రములు తెఱచిరి. పడుగునకు గంజి కాచినవారు గంజికేంద్రమున వరుసలో నిలిచిరి. ఈ సంగతిని ఇంతకంటె విస్తరించుట మా కిష్టము లేదు.

అటుపిమ్మట మన మండలమునకు ఒక మేలు కలిగినది. హిందూపురము, మడకశిర ప్రాంతములలో మైసూరును చూచి మల్బరి తోటలు పెరిగినవి. 1948 నాటి చట్టముననుసరించి 1949లో కేంద్ర పట్టుమండలి ఏర్పడినది; హిందూపురము చెంతనున్న కిరికెరలో పట్టుపరిశోధనసంస్థ వెలసినది. వేరుసెనగ సంవత్సరమునకొక్క పంట. వాన తప్పెనా, సంవత్సరమంతయు పోయినది. బావి క్రింద ఒక ఎకరము మల్బరి యున్నవాడు పట్టుపురుగులను సంవత్సరములో పలుమార్లు పెంచి, పలుమార్లు చేత కాసు చూచును. ఒకటి చెడినను తరువాతిది నిలుపును. పెద్దలాభము ఒక్కసారి ఆశించుటకంటె చిన్నలాభము పలుమార్లు పొందుట కరవుదేశమునకు తగినదని మల్బరి రైతు చూపినాడు. అయితే ఇచ్చటి పట్టుగూళ్ళు పెంచువానికి ధర పెరుగవలెను, నేయువానికి ధర తగ్గవలెను. 2003లో చైనా పట్టుమీద అదనపు సుంకము వేసినప్పుడు రైతు సంతోషించెను, నేతవాడు మూలిగెను; 2011లో ముడిపట్టు సుంకమును 30 శాతమునుండి 5 శాతమునకు దించినప్పుడు ఇరువురి ముఖములును తారుమారైనవి. ఒకే మండలములో, కొన్నిచోట్ల ఒకే కుటుంబములో, ఈ ఇరువురును గలరు.

చీరను చేనేతకు ప్రత్యేకించిన 1985 నాటి చట్టమును సుప్రీముకోర్టు 1993లో సమర్థించినను, మరమగ్గముపై చేనేత నమూనాలు దిగుచునే యున్నవి. ధర్మవరములోనే మరమగ్గముల చప్పుడు వినవచ్చుచున్నది. ధర్మవరము చేనేత పట్టుచీరలకు, పావడలకు భౌగోళిక గుర్తింపు లభించినది గాని, కొనువారిలో ఆ గుర్తును అడిగి చూచువారు అరుదు. 2020 మార్చిలో దేశమంతయు మూతపడినప్పుడు పెండ్లిండ్లు ఆగినవి. దూరదేశపు గిరాకి కరవునుండి కాపాడునను మన పూర్వుల లెక్క ఆ యేట తొలిసారి పూర్తిగా తప్పినది. అన్నిచోట్లను ఒక్కసారే వాన తప్పినట్లైనది. 2019-20 నాటి నాల్గవ చేనేత గణనలో దేశమందు 31 లక్షలకు పైబడిన కుటుంబములు తేలినవి. అందు మూడింట రెండువంతుల కుటుంబముల ఆదాయము నెలకు 5,000 రూపాయలకు లోపు. 2022 ఏప్రిలులో ధర్మవరము, హిందూపురము శ్రీసత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను ఈ అంకెలు మారలేదు.

మన సభలు సత్రములు కట్టించినవి, విద్యార్థులకు వసతులు కల్పించినవి, ఇవి ప్రశంసనీయములే. కాని కులనిధిలో ఒక భాగమును పట్టునిలువగా ఉంచిన సంఘము మా యెఱుకలో కనబడలేదు. ఆషాఢమున, మూఢమున పడుగు లేని ఇంటికి ఆ నిలువనుండి పట్టు ఇచ్చి, చీర తీసికొని, పెండ్లిండ్ల కాలమున అమ్మి, కూలి వారమునకు వారము రొక్కముగా చెల్లించుట అసాధ్యమైన పని కాదు. మొదట ఒక్క వీథిలో పది మగ్గములతో మూడు సంవత్సరములు నడపి చూడవచ్చును. రొక్కపు నియమమును మాత్రము సడలింపరాదు; సడలించినదినమే అది మఱియొక సావుకారు అంగడి యగును. దీనికి సావుకార్ల అనుభవము అత్యావశ్యకము. ఏ నెలలో ఏ వన్నెకు గిరాకి, ఏ జరీ నల్లబడును, ఏ ఊరి అంగడివాడు బాకీ ఎగవేయును అను సంగతులు వారికి తెలిసినంత ఏ అధికారికిని తెలియవు. కావున వారిని వెలివేసి ఈ పని చేయుదమనువారితో మేము ఏకీభవింపము. లెక్క పుస్తకము నేతవాని యెదుట తెఱచియుంచుటకు అంగీకరించువారిని మాత్రమే చేర్చుకొనవలెనని మా షరతు.

కడపట ఒక విన్నపము. ధర్మవరము, ఉరవకొండ, తాడిపత్రి, యాడికి, సోమందేపల్లి మొదలగు ఊళ్ళలోని పాత యిండ్లలో తాతలనాటి పడుగుల లెక్కలు, పట్టు కొనుగోలు చీట్లు, బాకీ పత్రములు, నమూనాలు గీసిన కాగితములు అటకలమీద చెదలకు ఆహారమగుచున్నవి. వానిని తగులబెట్టకుడు. బాకీ పత్రములను చూపుటకు సిగ్గుపడనక్కఱలేదు; ఇచ్చినవారి పేరును తీసికొన్నవారి పేరును మేము వెల్లడింపము. ఏ సంవత్సరమున ఏ మాసమున ఎన్ని పడుగులు ఎన్ని యిండ్లకు ఇచ్చిరో ఆ లెక్కలనుండి తీయవచ్చును. అవి మాకు చేర్చినవారికి నకలు తీసికొని మూలమును తిరిగి యిచ్చివేయుదుము.